ఈసీజీ గదిలో లవంగనూనె వాసన

దయ్యాలు, ఆత్మలు అంటే నవ్వేసే రకాన్ని నేను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, కిందటి చలికాలంలో జరిగింది విని మా ఆయన కూడా నన్ను అదోలా చూశారు.

నేను కెనడాలో, టొరంటో నగరంలోని ఎటోబికోలో ఒక ఆసుపత్రిలో రీసెర్చ్ కోఆర్డినేటర్‌ని. మన భారతీయులకు గుండెజబ్బు చిన్న వయసులోనే ఎందుకొస్తోందో తెలుసుకునే స్టడీ మాది. చేరినవాళ్లకు రక్తపరీక్షలు, ఈసీజీ చేసి ఏళ్ల తరబడి గమనిస్తాం.

ఆ ఉదయం పక్క ఊరు బ్రాంప్టన్ నుంచి శ్రీధర్ గారు వచ్చారు. యాభై దాటిన ఐటీ ఉద్యోగి, తెలుగాయనే. బీపీ మామూలుగానే ఉంది. నర్సు గ్రేస్ ఈసీజీ తీసింది. అందులోనూ తేడా లేదు. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా గదిలో గుప్పున లవంగనూనె వాసన.

మా నాన్న పోయిన రోజు ఖమ్మంలో మా ఇల్లంతా అదే వాసన. దవడ లాగుతోందంటే పన్ను నొప్పనుకుని అమ్మ లవంగనూనె రాసింది. గుండెపోటని తెలిసేసరికి నాన్న లేరు.

భ్రమేలే అనుకున్నాను. అంతలో గ్రేస్ ముక్కు ఎగబీల్చి, "ఈ లవంగాల వాసనేంటి? ఎవరైనా డెంటిస్టు దగ్గరికి వెళ్లొచ్చారా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"శ్రీధర్ గారూ, పన్ను నొప్పేమైనా ఉందా?" అన్నాను.

"అబ్బే, పన్ను కాదమ్మా. పొద్దున కారు మీద మంచు గీకుతుంటే దవడ లాగింది. చలికేమోలెండి. ఇప్పుడు మళ్లీ కాస్త మొదలైంది."

"ఏమైనా రాసుకున్నారా?"

"లేదే. ఏం?"

డాక్టర్‌ని పిలిచాను. వాసన సంగతి ఎత్తలేదు, దవడ సంగతే చెప్పాను. మళ్లీ తీసిన ఈసీజీలో మార్పు కనిపించింది. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. ఒక పెద్ద రక్తనాళం దాదాపు మూసుకుపోయిందట. స్టెంట్ వేశారు.

ఆయన భార్య పద్మ గారు వచ్చాక బయట ఇద్దరం కూర్చున్నాం. ప్రమాదం తప్పిందని డాక్టర్ చెప్పగానే ఆవిడ నన్ను పట్టుకుని ఏడ్చారు. నాకూ ఏడుపు ఆగలేదు.

తర్వాత ఆవిడకు వాసన గురించి చెప్పాను. "మా ఇంట్లో ఆ నూనే లేదమ్మా, ఆయనకు పడదు" అన్నారు. మా అంతస్తులో డెంటల్ క్లినిక్ లేదు. క్లీనింగ్ వాళ్లనూ అడిగాను, కొత్తగా ఏమీ వాడలేదన్నారు. డాక్టర్‌కైతే గదిలోకి వచ్చినప్పుడు ఏ వాసనా తెలియలేదట.

మొన్న ఫాలో-అప్‌కి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. "ఈవిడ ఓట్స్ తప్ప ఏం పెట్టట్లేదమ్మా. ఆవకాయ తినొచ్చని మీ స్టడీలో ఎక్కడా తేలలేదా?" అన్నారాయన.

"తేలితే మొదటి ఫోన్ మీకే చేస్తా" అన్నాను. పద్మ గారు కళ్లెర్రజేశారు.

ఆయన ట్రెడ్‌మిల్ మీద ఆయాసం లేకుండా నడుస్తుంటే పక్కనే నిలబడి చూశాను. ప్రాణం తేలికపడింది. ఆ రోజు వాసన ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఎంత ఆలోచించినా అంతు చిక్కడం లేదు. నా ఒక్కదానికే వచ్చుంటే ఏదో అనుకుని వదిలేసేదాన్ని. గ్రేస్‌కు మా నాన్న ఎవరో కూడా తెలియదు.