పెనుకొండ బజారులో నన్ను కూర్చోబెట్టిన దేవుడు

సహోదరులారా, తల్లులారా, నా కాళ్ళు నా మాట వినని కాలం ఒకటి ఉండేది. యాడ కూర్చున్నా నిలవనిచ్చేవి కావు, సంగటి ముద్ద ముందర పెట్టుకుంటే లేపేసేవి, ప్రార్థనకు మోకరిస్తే లేపేసేవి, పొద్దున పెనుకొండలో బయలుదేరితే సోమందేపల్లి సంతకు, ఆడనుంచి మీ హిందూపురానికి, ఇంకో దినం రైలెక్కి ధర్మవరానికి, పని ఉండి కాదు, ఊరికే! దర్జీ అనేవాడు కూర్చుంటేనే గదా ఇల్లు గడిచేది. కూర్చోలేని దర్జీని మీరెవరైనా చూసినారా? చూడకపోతే నన్ను చూడండి, అది నేనే.

ఎందుకట్లయిందో చెప్తాను. యుద్ధానికి ముందర మా ఊర్లో ప్లేగు వచ్చింది. బజారులో ఎలుకలు రాలినాయి. ఎలుకలు రాలితే ఊరు ఖాళీ చెయ్యాల, అది అందరికీ తెలిసిందే. శెట్లు, కంసాలులు, గాజులోళ్ళు అందరూ బీగాలేసుకుని ఊరి బయట చేలల్లో కొట్టాలు వేసుకున్నారు. మేము కొట్టం వేసుకునేలోపలే మా తమ్ముడు సామ్యేలుకు జరం పట్టుకుంది. బజారు కొసన ఉండేది మా అంగడి, వాడు గుడ్డ కత్తిరించేవాడు, నేను మిషను తొక్కేవాణ్ణి. ఒళ్ళు కాలుతాండాదన్నా అని ఆడనే పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు. వాణ్ణి మట్టిచేసి వచ్చిన దినం నుంచి నా కాళ్ళు నాయి కావు.

కొన్ని నెలలకు ప్లేగు పోయింది. తాలూకాఫీసు వాళ్ళు వీధంతా సున్నం కొట్టించినారు, అందరికీ మందు సూదులు వేయించినారు, ఇంక భయం లేదు రండి అని తప్పెట కొట్టించినారు. ఎవరొస్తారు? కొనేవాళ్ళు సంతలకు అలవాటు పడిపోయినారు, అమ్మేవాళ్ళు కొట్టాల కాడ ఈగలు తోలుకుంటా కూర్చున్నారు, బజారులో గడపల ముందర గడ్డి మొలిచింది. ఇంకో యేడు ఇట్లే పోతే పెనుకొండకు బజారే ఉండదు, మూటలు కట్టుకుని హిందూపురం పోవాల్సిందే అని పెద్దోళ్ళే అనేది మొదలుపెట్టినారు. అయినా మొదట తలుపు తీసేదెవరు? అయ్యవారి దగ్గరికి పోయి ముహూర్తం పెట్టించుకుంటారు, ఆ దినం వస్తుంది, ఎవరో తుమ్ముతారు, పిల్లి అడ్డం పోతుంది, మళ్ళీ ఇంకో ముహూర్తం!

అట్లుండగా బియ్యం అంగడి నాగప్పశెట్టి మా కొట్టం కాడికి వచ్చినాడు. దూరంగానే నిలబడి, "ఏమప్పా దావీదూ, మీకు రాహుకాలం లేదు, వర్జ్యం లేదు గదా. ముందు నువ్వు తియ్యప్పా అంగడి. నీకేమీ కాకపోతే మేమూ వస్తాము" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది సహోదరులారా! నాకేమన్నా అయితే ఎట్ల సామీ అని అడిగితే ఇంకో అడుగు వెనక్కి జరిగినాడు. ఇదే శెట్టి అంగడి కాడ, మా కులమోళ్ళు మెట్టెక్కకూడదని, నేను కింద నిలబడి తువ్వాలులో బియ్యం పట్టించుకునేవాణ్ణి, ఈపొద్దు నా దేవుడు కావాల్సి వచ్చినాడు ఆయనకు! పోండి సామీ, మీ పని చూసుకోండి అని పంపించేసినాను. కోపమని అనుకుంటాండారా? భయమప్పా, ఒట్టి భయం. రాహుకాలం మాకు లేదని అందరి ముందరా గొప్పగా చెప్పుకునే నాకు ఆ తలుపు దిక్కు చూసేదానికే చేతకాలేదు. ఆ మధ్యాహ్నం చెన్నేకొత్తపల్లి దోవ పట్టి సగం దూరం పోయి, ఎందుకు పోతాండానో తెలీక వెనక్కి వచ్చినాను.

మా ఇంటామె రాహేలమ్మ సంగటి గెలుకుతా అంతా వినింది. గిన్నె దించి, "శెట్టి మన దేవుణ్ణి నమ్మి అడగను వచ్చినాడు. నువ్వే నమ్మకపోతే ఎట్ల?" అనింది, అంతే. ఆ మాట నన్ను కూల్చేసింది. కొట్టం వెనకాల కంది చేనులో పడి ఏడ్చినాను. "ప్రభువా, నాకు ధైర్యం లేదు. నా తమ్ముడు పోయిన చోట నేను కూర్చోలేను. నువ్వు కూర్చో, నీ పక్కన నేను కూర్చుంటాను" అన్నాను. అంతకంటే పెద్ద ప్రార్థన నాకు రాలేదు.

తెల్లారి పోయి బీగం తీసినాను. గుడ్డలన్నీ ప్లేగప్పుడే తాలూకాఫీసోళ్ళు కాల్చేసినారు, తుప్పు పట్టిన మిషను ఒకటే ఉండాది. నూనె పోసి కూర్చున్నాను. కాళ్ళు దడదడ వణుకుతాండాయి, లేచి పారిపొమ్మంటాండాయి, వాటిని యాడ పెట్టాలో తెలీక తొక్కుడు పలక మీద పెట్టినాను. చక్రం తిరిగింది! ఆ వణుకుకే తిరిగింది! కుట్టేదానికి గుడ్డ లేదు, భుజం మీది తువ్వాలు తీసి దాని అంచునే కుట్టినాను, కుట్టిందే మళ్ళీ కుట్టినాను, ఏడుస్తా కుట్టినాను, ఆ చప్పుడు వీధి ఆ కొసకు పోయింది. తలెత్తి చూస్తే ఆడ శెట్లందరూ ముక్కులకు గుడ్డ అడ్డం పెట్టుకుని, నేను ఎప్పుడు పడిపోతానా అని చూస్తాండారు. ఏడుపులోనే నవ్వొచ్చింది నాకు.

దినామూ వచ్చేవాళ్ళు, దినామూ కొంచెం ముందుకొచ్చేవాళ్ళు. కడాకు శెట్టి భార్య సుబ్బమ్మ చినిగిన సంచి ఒకటి తీసుకుని నేరుగా వచ్చేసింది, మగోళ్ళు చూస్తానే ఉంటారులే నాయనా, ఇది కుట్టియ్యి అని. అదే నా బోణీ. ఆ వారంలోనే శెట్టి బీగం తీసినాడు, తీసి లోపలికి పోకుండా నా కాడికి వచ్చినాడు. నన్ను పిలుచుకుపోయి, మెట్టెక్కించి, గడప దాటించి, గల్లాపెట్టె పక్కన గోనెపట్ట పరిచి, "కాసేపు కూర్చో దావీదూ, నీ తర్వాత మేము కూర్చుంటాము" అన్నాడు. కూర్చున్నాను. మనసులో ప్రార్థన చేసుకున్నాను. ఇంక కంసాలి పిలిచినాడు, గాజులోళ్ళు పిలిచినారు, రాగిచెంబుల అంగడాయన పిలిచినాడు. యాడా కూర్చోలేని నన్ను నా దేవుడు బజారులో ప్రతి అంగడిలోనూ కూర్చోబెట్టినాడు! ఎర్రమంచి ఊరోళ్ళ బండ్లు మళ్ళీ మా వీధిలో ఆగినాయి, సంతలకు పోయినోళ్ళు తిరిగొచ్చినారు.

వాళ్ళతో ఆ పని చేయించింది భయమేనని నాకు తెలుసు. భయం తీరినాక కొందరు నన్ను మళ్ళీ మెట్టు కిందికే దించినారు. శెట్టి దించలేదు. నా తమ్ముడూ తిరిగి రాలేదు, ఆ మాట దాస్తే నేను అబద్ధికుణ్ణి. ఇప్పటికీ కొన్ని మధ్యాహ్నాలు కాళ్ళు లేచి పొమ్మని పీకుతాయి, అప్పుడు మిషను తొక్కుతాను, ఆయన పక్కన ఉండాడని తొక్కుతాను. నాలో మంచేదన్నా కనపడితే ఆ మహిమ దేవునిదే, నాది ఒట్టి వణుకు.

ఈ కూటంలో తలుపు కాడ కూర్చుని, లేచి పోదామా అని చూస్తాండేవాళ్ళు ఉండారు, నాకు తెలుసు, నేనూ ఆడ కూర్చున్నోణ్ణే. ధైర్యం వచ్చినాక ప్రభువు కాడికి వస్తాము అనుకోవద్దండి, నాకు ముందు ధైర్యం రాలేదు. వణుకుతానే రండి. ఆయన పక్కన చోటుండాది, కూర్చోండి.