అయోడిన్ చోటు

పోయిన మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు నా భార్య చనిపోయింది. ఊపిరితిత్తుల జబ్బుతో మూడు నెలలుగా అనంతగిరి గుట్ట మీది ఆసుపత్రిలో ఉంది. ఆ రోజు తాండూరులో పొద్దుటి బండి ఎక్కి వికారాబాదులో దిగాను. గుట్ట మీదికి చేరేసరికి పదయింది. రెండు చెంచాల జావ తాగింది. మూడోది వద్దంది. కొంతసేపటికి "మార్చినరా?" అని అడిగింది. "మార్చిన" అన్నాను. కళ్లు మూసుకుంది. మళ్లీ తెరవలేదు.

నేను మార్చలేదు. ఆమెతో ఆడిన చివరి మాట అబద్ధం. ఆ సంగతి చెప్పకుండా ఆమె గురించి ఇంకేమీ రాయలేకపోతున్నాను.

తాండూరు ఆడపిల్లల బడిలో ఆమె సైన్సు టీచరు. పోలీసు చర్య తర్వాత బడి ఉర్దూ నుంచి తెలుగుకు మారింది. గోడ మీది మూలకాల పట్టిక మాత్రం ఉర్దూలోనే ఉండిపోయింది. పిల్లలకు అది చదవరాదు. ఏళ్ల తరబడి నల్లబల్ల మీద సుద్దతో గీసి, చెరిపి, మళ్లీ గీసింది. చివరికి నా పాత ధోవతి ఒకటి పరిచి, దర్జీ దగ్గర మిగిలిన గుడ్డముక్కలు తెచ్చి, మూలకానికొక ముక్క చొప్పున కుట్టడం మొదలుపెట్టింది. ప్రతి ముక్క మీద తెలుగులో పేరు, కింద బరువు. ఒకే గుణమున్న మూలకాలు ఒకే నిలువు వరుసలో, ఒకే రంగులో ఉండాలి. గంధకం కుటుంబం పసుపు. ఉప్పు పుట్టించే క్లోరిన్ కుటుంబం ఆకుపచ్చ.

కుడుతూ నాకు కథ చెప్పేది. "రష్యాల ఒకాయన మూలకాల పేర్లు అట్టముక్కల మీద రాసుకొని పేకాట లెక్క పేర్చిండట. కొన్ని జాగలు ఖాళీగ ఇడిసిపెట్టిండు. ఆ మూలకం లేదనలే, ఇంకా దొరకలేదన్నడు. ఎన్కకు ఒక్కొక్కటే దొరికినయి." గంధకం, తగరం, సీసం మనింటివేననీ, మిగతావి కొత్త చుట్టాలనీ అనేది. పొయ్యి దగ్గర కూడా ఆ పేర్లే. నేను అన్నానికి కూర్చుంటే, "ఇగో, ఉప్పు జాస్తయింది. సోడియం తప్పు, నాది గాదు" అనేది.

ఆసుపత్రికి పోయేనాటికి ఒక్క ఐదో అడ్డవరుస మిగిలింది. రంగుగుడ్డ చాలక దాన్ని వెనక్కి పెట్టింది. ముక్కలు గుండుసూదులతో గుచ్చి ఉంచింది. పరీక్షలకు ముందే అది గోడ మీద ఉండాలని నేనే సూది పట్టాను.

నాది రైల్వేలో గూడ్సు గుమాస్తా పని. పొద్దంతా బండరాళ్ల బరువులు రాసుకోవడమే. ఐదో వరుసలో టెల్లూరియం ముందుంది, అయోడిన్ తర్వాత ఉంది. అడ్డవరుసలో బరువు పెరుగుతూ పోవాలి గదా, ఇక్కడ ముందున్న టెల్లూరియమే ఎక్కువ బరువు. జ్వరంలో తప్పు గుచ్చిందనుకున్నాను. రెండింటినీ అటూ ఇటూ చేసి కుట్టాను. పసుపు ముక్కల కింద ఆకుపచ్చ వచ్చింది. గుడ్డ దొరక్క అట్లా కానిచ్చిందని సరిపెట్టుకున్నాను. బడికి తీసుకుపోయి నిచ్చెనెక్కి కట్టాను. హెడ్‌మిస్ట్రెస్ అందరి ముందూ మెచ్చుకున్నారు.

ఆదివారం గుట్ట మీదికి పోయి గర్వంగా చెప్పాను. ఆమె నవ్వింది. నవ్వు దగ్గయింది.

"బరువు జూసి పేర్చిన్రా? నన్ను గూడ కాంట ఎక్కిచ్చే తెచ్చుకున్నరా?"

"బరువు అబద్ధమాడదు" అన్నాను.

"ఆడదు. గని అదొక్కటే సాలది. అయోడిన్ గుణం క్లోరిన్ గుణమే. గంధకం ఇంట్ల దానికేం పని? ఆ రష్యాయన గూడ బరువు పక్కకు వెట్టి గుణం జూసే ఆ రెండిట్ని పేర్చిండు. ఆయన పోయినంక మూలకాలకు వరుస సంఖ్యలు తేలినయి. టెల్లూరియం యాభై రెండు, అయోడిన్ యాభై మూడు. ఆయన పేర్చిందే నిజమైంది."

కొంతసేపు ఊపిరి కోసం ఆగింది. "పిల్లలు పరీక్షల గట్లనే రాస్తరు. జల్ది మార్చుండ్రి."

సరేనన్నాను. తొమ్మిది రోజులు గడిచాయి. సెలవు దొరకలేదని ఎవరితోనైనా చెప్పగలను. నిజం అది కాదు. మెచ్చుకున్నవాళ్ల ముందే నిచ్చెనెక్కి నా కుట్లు విప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. ఆమె ఇంకా కొన్నాళ్లు ఉంటుందనుకున్నాను.

నిన్న తొమ్మిదో తరగతి పిల్లలు పలకరించడానికి వచ్చారు. ఒకమ్మాయి ఏడుస్తూ నోటుబుక్కు తెరిచింది. "టీచరమ్మ కుట్టిన పటం జూసి మొత్తం ఎక్కిచ్చుకున్నం సారూ. ఒక్కటి గూడ తప్పువోలే." ఐదో వరుస చూశాను. గంధకం కుటుంబంలో అయోడిన్ ఉంది. దాని కింద ఎర్ర సిరాతో గీత కూడా గీసుకుంది. "మంచిగ రాసినవు బిడ్డా" అన్నాను. ఆ మాట ఎట్లా వచ్చిందో తెలియదు. వాళ్లు పోయాక తలుపు వేసుకుని చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాను.

ఆమెకు ఇక ఏమీ చెప్పలేను. పరీక్ష సోమవారం. ఆ పిల్లలకు చెప్పడానికి ఇంకా వ్యవధి ఉంది.

రేపు పొద్దున మొదటి గంట కొట్టకముందే బడికి వెళ్తాను. నిచ్చెన అడుగుతాను. ఆ రెండు ముక్కలు విప్పి దేని చోట దాన్ని కుడతాను. పిల్లలు వచ్చేదాకా అక్కడే ఉండి, పుస్తకాలు తెరవమని, మీ టీచరమ్మ సరిగ్గానే పేర్చింది, చెడగొట్టింది నేను అని చెప్తాను.