కమలాకర్ కొట్టు ముందటి కెమెరా

అమీర్‌పేట హాస్టళ్ల గల్లీలో టైలర్ కమలాకర్ గుడ్డ మీద గీత గీసిన ప్రతిసారీ తలెత్తి గోడ మీది టీవీ వంక చూస్తాడు. దొంగతనాలు పెరిగాయి, షాపుల ముందు కెమెరాలు పెట్టుకోండని పోలీసులు మీటింగు పెట్టి చెప్పినప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తింది అతనే. అప్పటినుంచి కుట్టేది జాకెట్టే అయినా చూపు మాత్రం గల్లీలోనే. కొట్టు ముందు ముచ్చట్లు పెట్టేవాళ్లు ఇప్పుడు నాలుగడుగులు అవతల నిలబడుతున్నారు. ఎదురు టీకొట్టు సాయిలు ఒక్కడే మారలేదు. కెమెరా బిగించిన రోజు నిచ్చెన పట్టుకున్నదీ అతనే. అడక్కుండానే చాయ్ తెచ్చి మిషన్ పక్కన పెట్టి పోతాడు.

నిన్న సాయంత్రం ఆ సాయిలే పాలక్యాన్లతో స్కూటర్ మీద రాంగ్‌రూట్‌లో వచ్చి, ఒక హాస్టల్ పిల్లను గుద్ది, ఆగకుండా పోయాడు. పిల్ల కాలు విరిగింది. కమలాకర్ టీవీలో అంతా చూశాడు. ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు. పొద్దున్నే కానిస్టేబుల్ వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అన్నా, నిన్నటి రికార్డింగ్ జర చూపియ్."

"కెమెరా నిన్నటి సంది సతాయిస్తుంది సార్," అన్నాడు కమలాకర్, మెడలోని టేపును వేలికి చుట్టుకుంటూ. తలెత్తితే టీవీలో సాయిలు రెండు చాయ్ గ్లాసులతో గల్లీ దాటి వస్తూ స్పష్టంగా కనబడుతున్నాడు. కానిస్టేబుల్ కూడా అటే చూస్తున్నాడు. కమలాకర్ టేపును ఇంకా బిగించాడు. వేలి కొస తెల్లబడింది.

సాయిలు లోపలికొచ్చి గ్లాసులు పెట్టాడు.

"చూపియ్యన్నా," అన్నాడు మెల్లగా. "సిలిండర్లు పోతున్నయని కెమెరా నా కొట్టు దిక్కు తిప్పుమన్నది నేనే గద."