నేను కనిపెట్టిన మహాగాయకుడు

మనిషి పరువు పోవటానికి లోకంలో బోలెడు దారులున్నాయి. కొందరిది వానాకాలం బురదలో జారి పోతుంది. కొందరిది పెళ్లి బంతిలో పంచె ఊడి పోతుంది. నాది మదురైలో ఒక కాఫీ హోటలు మేడమీద, చేతిలో మైకు ఉండగా, హాలు నిండా జనం చూస్తుండగా పోయింది. అదీ ఊరికే పోలేదు. డ్రమ్ములు మోగుతుంటే తాళం తప్పకుండా పోయింది. ఆ వైభవం మీకు చెప్పకపోతే నాకు తిన్నది అరగదు.

ముందు నా గొప్పతనం కాస్త వినండి. మాది కోయంబత్తూరు. మావాళ్లు ఎన్నో తరాల కిందట తెలుగు సీమ వదిలి వచ్చి ఇక్కడి నల్లరేగడిలో పత్తి వేశారు. మా నాయన కాలానికి పత్తి పోయి పంపుసెట్ల మోటార్లు వచ్చాయి. మేము ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం, మోటారు తిరగకపోతే తిట్టేది ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నేను గడ్డాలొచ్చాక నేర్చుకున్నవి. అందుకని ఇందులో తప్పులుంటే మా పంతులమ్మను ఏమీ అనకండి.

పగలు నాయన వర్క్‌షాపులో మోటార్లు అమ్మేవాణ్ణి. తీరిక దొరికితే హిప్‌హాప్ పాటల మీద ఇంటర్నెట్‌లో వ్యాసాలు రాసేవాణ్ణి. ముఖ్యంగా ఆ సంగీతం ఇంకా పాలపళ్లతో ఉన్న తొలినాళ్ల పాటల విషయంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. ఆ నమ్మకం ఉన్నవాళ్లు నేను కాక ఇంకెవరూ లేరనేది వేరే సంగతి.

అలాంటి నాకు మా ఊళ్లోనే ఉక్కడం పేటలో పాత సామాన్ల అంగట్లో ఒక రికార్డు దొరికింది. ఆరు పాటల ఆల్బం. అట్టపెట్టె లేదు, బొమ్మ లేదు, ఉత్త గోధుమరంగు కాగితం సంచి. మధ్యలో ఉన్న లేబులు తేమకు పాడై, పాడినవారి పేరులో "సిస్ట" అన్నంతవరకే కనిపిస్తోంది. ఆ కింద ఒక మూల 45 అని అంకె. ఇంటర్నెట్ అంతా గాలించాను. ఎక్కడా దాని ఊసు లేదు. ఇంకొకడైతే నిరాశపడేవాడు. నా ఛాతీ మాత్రం చొక్కా గుండీలు తెగేంత ఉబ్బింది. ఎవరికీ తెలియని కళాఖండం! కనిపెట్టింది నేను!

ఇంట్లో మా తాత వాడిన పాత ప్లేయరు ఉంది. ఆయన భక్తిపాటల పెద్ద రికార్డులు తప్ప వేరేవి వినలేదు. దాని పక్కన ఒక చిన్న మీట ఉండేది. తాత పోయాక దాన్ని ఎవరూ ముట్టలేదు, నేనూ ముట్టలేదు. రికార్డు పెట్టి ముల్లు దించాను.

ఏమి గొంతండీ అది! బావి అడుగునుంచి ఏనుగు మాట్లాడినట్టుంది. ఒక్కో మాట మోకాళ్ల మీద కూర్చుని, లేచి, ఆయాసం తీర్చుకుని ముందుకు నడుస్తోంది. మధ్యలో అందుకునే రెండో గొంతు ఆయన అంతరాత్మదే అనుకున్నాను. వెనకాల డ్రమ్ములు పాత ఇంటి తలుపు మీద ఎవరో బరువుగా తట్టినట్టు వినిపిస్తున్నాయి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

వంటింట్లోంచి అవ్వ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమిరా సీనా, ఆ మనిషికి కడుపునొప్పి మాదిరి ఉండాదే?"

"అది బాధ అవ్వా. గుండెలో బాధ."

"గుండె కాదురా, కడుపే. వాయువు. రొంబ కష్టపడతా ఉండాడు పాపం. ఓమం నీళ్లు తాగితే సరిపోవును."

కళ తెలియనివాళ్లతో వాదించకూడదని నేను ఆ పూటే వ్యాసం రాయటానికి కూర్చున్నాను. "సిస్ట" అంటే "సిస్టమ్" అని నిర్ధారించాను. వ్యవస్థ మీద తిరగబడ్డ ఒంటరి మనిషి అని రాశాను; ఇంగ్లీషులో వై ఉండవలసిన చోట ఐ ఉంటే, స్పెల్లింగు మీదా తిరగబడ్డాడన్నాను. 45 అనేది ఆయన వయసని తేల్చాను. ఆ వయసులో అందరూ పిల్లల చదువుల గురించి దిగులుపడుతుంటే ఈయన లోకం గురించి దిగులుపడ్డాడన్నాను. మూడో పాటలో తాళంచెవి పోయింది, తలుపు తెరవండి అని ఇంగ్లీషులో మళ్లీ మళ్లీ వస్తుంది. నగరం తన బిడ్డను బయటికి నెట్టి తలుపు వేసుకుందని దానికి రెండు పేజీల వ్యాఖ్యానం పెట్టాను. తా పట్టిన రికార్డుకు ఒకటే వేగం అన్నట్టుగా సాగింది నా పాండిత్యం.

ఆ వ్యాసాన్ని జనం మెచ్చుకున్నారు. అదే కొంప ముంచింది. మదురైలో పాత రికార్డులు వినే క్లబ్బు నడిపే తామరై అక్క ఫోను చేసి, "తంబి, ఆ రికార్డు పట్టుకొని రండి. దాన్ని గురించి మాట్లాడండి, అందరమూ విందాము" అంది.

ఇక్కడ మా కోదైని మీకు పరిచయం చేయాలి. మేలూరు పక్కన సేద్యం చేసుకునే మా చిన్నాయన కూతురు. మదురైలో కాలేజీలో చదివేది. మా ఇంటి తెలుగులోనే ర్యాప్ కట్టి పాడేది. దాని నోటి ముందు కుట్టుమిషను సిగ్గుపడాలి.

"మేలూరు బస్సెక్కితే మెట్టేరా నా సీటు,
మాయమ్మ నోరు తెరిస్తే మదురై దాకా రూటు!"

ఇలా ఊపిరి తీసుకోకుండా పోయేది. నా ఉపన్యాసం అయ్యాక దాని పాట కూడా పెట్టమని తామరై అక్కను నేనే అడిగాను. మొదటిసారి జనం ముందు పాడబోతోంది. చిన్నాయన ఒప్పుకున్నాడు గాని, ఒక మెలిక పెట్టాడు.

"ఈసారికి నేనూ వచ్చి చూస్తాను. నలుగురు మెచ్చితే సరి. లేకుంటే ఈ కూతలన్నీ మూట కట్టి చదువు చూసుకోవల్ల."

అంత మెలిక ఉన్నచోట బుద్ధిమంతుడైన అన్న ఏం చేస్తాడు? పిల్లను దాని మానాన వదిలేస్తాడు. నేను గురువునయ్యాను.

"కోదై, నీ గొంతు సన్నం. మాట పరుగు. బరువు లేదు. ఈ మహానుభావుణ్ణి విను" అని మా ప్లేయరు మీద తిరుగుతుండగా ఫోనులో పట్టిన పాట పంపాను.

"అన్నా, ఈయన నిద్రలో పాడినట్టుండాదే?"

"అదే లోతు."

"నాకు ఇట్ల రాదన్నా. నేను సుమ్మా ఊరికే మాట్లాడేదే స్పీడు గదా."

"సాధన చెయ్యి. గొంతు దించు. ఇంకా దించు."

పాపం, దించింది. దించి దించి గొంతు బొంగురుపోయి మిరియాల కషాయం తాగింది. "మే... లూ... రు... బ... స్సు..." అని ఫోనులో పాడి వినిపించేది. ఆ వేగాన బస్సు మేలూరు చేరేలోపు కండక్టరు రిటైరైపోతాడు. నేను మాత్రం "శభాష్" అన్నాను. పిన్ని ఫోను లాక్కుని, "ఏమిరా సీనా, నా కూతురు దూడ తప్పిపోయిన గేదె మాదిరి అరుస్తాండాది, నువ్వేమి నేర్పిస్తాండావు?" అని అడిగింది. కళ తెలియనివాళ్ల జాబితాలో పిన్నినీ చేర్చుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. కాఫీ హోటలు మేడమీద హాలు నిండింది. ముందు వరసలో చిన్నాయన తెల్లపంచెలో, చేతులు కట్టుకుని, బాకీ వసూలుకు వచ్చినవాడిలా కూర్చున్నాడు. పక్కన కోదై మెడకు మఫ్లరు చుట్టుకుని గుటకలు మింగుతోంది. నేను లేచి మాట్లాడాను. ఎంత బాగా మాట్లాడానంటే, మధ్యలో నేనే ఆగి తల పంకించుకున్నాను. ఒంటరి మనిషి అన్నాను. నలభై అయిదేళ్ల గాయం అన్నాను. మూసుకున్న తలుపులన్నాను. వెనక ఎవరో ముక్కు చీదారు.

తామరై అక్క రికార్డు తీసుకుని, కళ్లజోడు సర్దుకుని లేబులు చూసి, తన ప్లేయరు మీద ఏదో టక్కుమని నొక్కింది. నేను పట్టించుకోలేదు.

"అందరూ కళ్లు మూసుకోండి" అన్నాను. "ఇప్పుడు మీరు వినబోయేది, ఒక మగవాడి గుండె పగిలిన చప్పుడు."

ముల్లు దిగింది.

కిలకిల నవ్వు! ఇద్దరు ఆడపిల్లలు! ఒకత్తె సగం మాట అంటే రెండోది ఆ మాట గాల్లో ఉండగానే అందుకుని మిగతా సగం అంటోంది. డ్రమ్ములు గంతులేస్తున్నాయి. హాలంతా కళ్లు తెరిచింది. నేను మాత్రం మూసుకున్నాను.

"అక్కా, వేరే రికార్డు పెట్టినారు" అన్నాను.

"లేదు తంబి, మీదే."

"అయితే మీ మిషను చెడిపోయింది. పరుగెత్తుతోంది."

ఆడలేనమ్మ మద్దెల ఓడు అంటుంది. వినలేనయ్య ప్లేయరు ఓడు అన్నాడు. తామరై అక్క చాలా మర్యాదగా, ఆసుపత్రిలో నర్సు మాట్లాడినట్టు మాట్లాడింది.

"తంబి, ఇది నిమిషానికి నలభై అయిదు చుట్ల వేగంలో తిప్పవలసిన రికార్డు. నెమ్మదిగా తిప్పితే ఆడగొంతు మగగొంతయిపోతుంది. మీ ఇంట్లో ముప్పై మూడులో పెట్టినారా?"

"నలభై అయిదు... ఆయన వయసు గదా?"

ఆ ముక్క మైకులో అన్నాను. వెనక వరసనుంచి ఎవరో, "సార్, ఆ పెద్దాయన ఎప్పుడొస్తాడు?" అని అరిచారు. అప్పుడు పగిలింది నవ్వు. తామరై అక్క జాలిపడి లేబులును దీపం కిందికి తెచ్చి ఏటవాలుగా పట్టింది. "సిస్ట" పక్కన చెరిగిపోయిన అచ్చు మసకగా కనిపించింది. సిస్టర్స్. నేను వ్యవస్థ మీదికి యుద్ధానికి పంపింది అక్కచెల్లెళ్లను.

కోదై లేచి నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, వీండ్లు ఆడపిల్లలా?"

"అట్లే ఉండాది."

"నా ఈడు వాండ్లా?"

"అట్లే... ఉండాది."

"నా మాదిరే స్పీడా?"

"నీకన్నా ఒక పిసరు తక్కువే."

"మరి ఇన్ని దినాలు నాతో గేదె అరుపు ఎందుకు అరిపిస్తివి?"

అది మఫ్లరు తీసి నా భుజం మీద పడేసి, మైకు లాక్కుని, "అక్కా, పాట మొదట్నుంచి వేయండి" అంది. ఆ అక్కచెల్లెళ్లు ఊపిరి తీసుకుని డ్రమ్ములకు చోటిచ్చిన ప్రతిచోటా మా కోదై దూరింది. మేలూరు బస్సు కదిలింది చూడండి! గేరు మార్చలేదు, బ్రేకు వేయలేదు. సగంమందికి తెలుగు రాదు, అయినా అందరూ తలలాడించారు. బొంగురు గొంతు కూడా దానికి అందమే అయింది. పాట ముగిశాక ఈలలు, చప్పట్లు, మళ్లీ పాడమని గోల.

చిన్నాయన కట్టుకున్న చేతులు విప్పి నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఏమిరా, ఇది ఇంట్లో వాళ్లమ్మతో పోట్లాడేదే గదా? దీనికా ఇన్ని చప్పట్లు?"

"ఆమా, అవును చిన్నాయనా."

"అయితే ఇంట్లో పోట్లాట వద్దని చెప్పను ఇంక" అన్నాడు. అంతే అనుమతి.

ఇంటికొచ్చి మీట జరిపి ఆల్బం మొత్తం మళ్లీ విన్నాను. సిగ్గు పక్కన పెట్టి చెబుతున్నాను, అది నిజంగా కళాఖండమే. నేను చెప్పిన ఒక్క కారణానికీ కాదు. ఒకత్తె తప్పు పాడితే రెండోది నవ్వటం, ఆ నవ్వును తీసేయకుండా అలాగే ఉంచటం, వీధిలో తాడాట ఆడినట్టు ఒకరి మాటలోకి ఒకరు దూకటం, ఇవన్నీ అందులో ఉన్నాయి. మూడో పాటలో తలుపులు మూసింది నగరం కాదు. పిల్లలు ఇంటి తాళంచెవి పారేసుకుని, అమ్మ వచ్చేలోపు ఎలా దూరాలా అని వరండాలో గింజుకుంటున్నారు. అంత సంతోషాన్ని నేను పట్టుకుని పాడె ఎక్కించాను. సంగతి తెలిసి నాయన ఒకే మాట అన్నాడు: "మోటార్లు అమ్మే కొడుకువి, ఆర్‌పీఎం చూడకపోతివా!"

కొత్త వ్యాసం రాసి పెట్టాను. పాతదాన్ని తీసేశాను. కాని వదిలిన బాణం వెనక్కి రాదు గదా. కొన్నాళ్లకు పక్క ఊరు అవినాశి నుంచి ఒక పెద్దాయన వర్క్‌షాపుకు వచ్చాడు. మోటారుకేమో అనుకుని కుర్చీ వేశాను.

"తంబి, మీ వ్యాసం చదివినప్పటినుంచి ఆ గాయకుడే నా మనసులో ఉండాడు. ఆయన వేరే పాటలు ఏమైనా దొరుకునా?"

ఎలా చెప్పాలో తెలియక తల దించుకుని, "అయ్యా... ఆ మనిషి లేడండి" అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచి, కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అయ్యయ్యో! ఎప్పుడు పోయినాడు?"

ఆయన కళ్లు మూసుకుని మౌనంగా నిలబడ్డాడు. నేనేం చేయను? నేనూ లేచి నిలబడ్డాను. మా నాయన కూడా, ఎవరో ఏమిటో తెలియకుండానే, చేతిలో స్పానరు కింద పెట్టి నిలబడ్డాడు.

కాబట్టి, తిరిగే ప్రతి వస్తువు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట లేబులు చదవకుండా ఏ గాయకుణ్ణీ పుట్టించను. పొరబాటున పుట్టించినా, చంపను.