ఎడం టైరూ, సువార్తమ్మ మామ్మా

ఆ మధ్య ఒక ఆదివారం మా బండి నా మాట వినకుండా ఎటు పోయిందో, చివరికి నాకేం మిగిలిందో చెప్తాను, నవ్వుకోండి.

కలకత్తా గార్డెన్ రీచ్‌లో మా మావయ్యకి మూడు చక్రాల మోటర్ సైకిల్ బండి ఉంది. ముందు బైకు, వెనక సామాన్లకి తొట్టి. వారమంతా పక్కనున్న మెటియాబ్రుజ్ నుంచి కుట్టిన బట్టల మూటలు తోలతాం. ఆదివారం మాత్రం తొట్టిలో రెండు బల్లలేసి చర్చికి బయల్దేరతాం. ఎడం బల్ల పాటలు పాడే ఆడవాళ్ళది. కుడి బల్ల హార్మోనియందీ, డోలక్‌దీ. తోలేది నేను. పాడేది కరుణ.

అంతకు ముందు వారం కరుణ దిగుతూ అంది, "ఏటి ప్రసాదూ, నీ బండెక్కితే నా పాటంతా వణికిపోతంది. ఇలాగైతే బస్సులో పోతాను."

ఆ వారం నాకు అన్నం సయించలేదు. ఫోన్‌లో ఏదో వీడియోలో చూశాను, టైర్లో గాలి తగ్గిస్తే బండి మెత్తగా పోతుందట. అసలు ఈ గాలేంటో. కంటికి కనపడదు, చేతికి చిక్కదు, ఇంతమందిని మోస్తుంది. ప్రేమ కూడా ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే, టైర్లు చల్లగా ఉండగానే, గేజి పెట్టి చూశాను. "వెనక రెండూ సమానంగా ఉండాల్రా," అని మావయ్య ఎప్పుడూ చెప్తాడు. కానీ కరుణ కూర్చునేది ఎడం పక్కే కదా. హార్మోనియం అదిరితే అదిరింది. ఎడం టైరు వాల్వు పిన్ను అగ్గిపుల్లతో నొక్కాను. సుయ్ మంది. ఇంకొంచెం తీశాను. మబ్బు మీద కూర్చున్నట్టుండాలని ఇంకొంచెం.

కరుణ వచ్చింది. వెనకే వాళ్ళ మామ్మ సువార్తమ్మగారు.

"మోకాళ్ళు ముడవలేను బాబూ," అని మామ్మ ఎడం బల్ల మొత్తం ఆక్రమించి కాళ్ళు చాపేసింది. కరుణ వెళ్ళి కుడి బల్ల మీద, ఒళ్ళో హార్మోనియంతో కూర్చుంది.

"మామ్మా, కాస్త అటు జరుగుతారా? బండి బ్యాలెన్సు..."

"నానంత బరువున్నానేటి?"

బండి స్టార్ట్ చేశాను.

హ్యాండిల్ తిన్నగా పడితే బండి ఎడమకి పోతోంది. కుడికి లాగి పట్టుకుంటే తిన్నగా పోతోంది. ఏమిటీ వింత అని చూస్తున్నాను. బండికి కూడా మనసుంటుందేమో. ఉన్నా, అది మామ్మ వైపు పోతోంది.

పక్కనే వచ్చిన బస్సులోంచి కండక్టర్ అరిచాడు, "ఓ దాదా, కోథాయ్ జాచ్ఛో?" ఎక్కడికి పోతున్నానో నాకు తెలిస్తే కదా. చేతులు పీకి ఒక్క క్షణం పట్టు సడలించాను. బండి ఎడమకి తిరిగిపోయి చేపల దుకాణం ముందు ఆగింది.

"చర్చి ఇటేటి?" అంది కరుణ. హార్మోనియం తగిలిన గడ్డం రుద్దుకుంటూ దిగి, టైర్లు బొటనవేలితో నొక్కి చూసింది. "ఇది రాయిలాగుంది, అది బన్నులాగుంది. ఎవరో కావాలనే గాలి తీసేరు."

నేను చేపల వైపు చూశాను.

"ఆ తీసినోడి కడుపు సల్లగుండ," అంది మామ్మ. "ఉయ్యాల్లో ఊగినట్టుంది. నడుం నొప్పే తెలీలేదు."

ఆ రోజు చర్చిలో కరుణ పాట ఇంకా ఎక్కువ వణికింది. ఇప్పుడు తను బస్సులో పోతోంది.

మామ్మ మాత్రం ప్రతి ఆదివారం నా బండికే వస్తానంది. నిన్న ఆదివారం వచ్చింది కూడా. ఎక్కే ముందు బొటనవేలితో ఎడం టైరు నొక్కి, "ఇదేటి, గట్టిగుంది? కాస్త తియ్యి బాబూ," అంది.

అగ్గిపుల్ల తీశాను. ఏం చేస్తాను, ఆవిడ కరుణ వాళ్ళ మామ్మ.