లేని షుగరు, ఉన్న చదువు

ఆ రోజుల్లో నా తెలివితక్కువతనం ఏ స్థాయిలో ఉండేదంటే, అయిదేళ్ళు చదివి, పరీక్షలన్నీ ప్యాసై, ప్రభుత్వం వారు పిలిచి ఉద్యోగం ఇచ్చాక కూడా, ఎక్కడో ఏదో పొరపాటు జరిగి నాకీ పట్టా వచ్చిందని, ఇవాళో రేపో ఎవరో ఒకరు దాన్ని కనిపెట్టేస్తారని గట్టిగా నమ్మేవాణ్ణి. రాజోలు దగ్గర పశువుల ఆసుపత్రిలో మొదటి పోస్టింగు. బోర్డు మీద నా పేరు కింద ‘పశువైద్యుడు’ అని రాయించారు. అందులో మొదటి సగం గురించి నాకు ఏ సందేహమూ లేదు. చిక్కంతా రెండో సగంతోనే.

అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. మా బ్యాచిలో అందరికంటే తెలివైనవాడు, మేమంతా ‘ప్రొఫెసరు’ అని పిలిచే స్నేహితుడు, అప్పటికి కొత్తపేట వైపు పనిచేస్తున్నాడు. నేను ఏ ఇంటికి వెళ్ళినా గేదెని ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చూసి, గంభీరంగా తలూపి, “ఒక్క నిమిషం అండీ” అని కొబ్బరితోట చివరికి నడిచి, చెట్టు చాటున నిలబడి వాడికి ఫోను చేసేవాణ్ణి. నాకు తోచిన జబ్బూ, నాకు తోచిన మందూ గుసగుసగా చెప్పేవాణ్ణి. “ఉండరా, మళ్ళీ చేస్తాను” అని పెట్టేసి, రెండు నిమిషాల తరవాత వాడే చేసి “అదేరా, ఇచ్చెయ్” అనేవాడు. (ఎప్పుడూ ‘అదే’ అనేవాడు. నాది తప్పని ఒక్కసారీ అనలేదు. అది చూసైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు.)

అయితే తోట చివర, అటు తిరిగి, తలవంచుకుని, రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలబడే మనిషి దూరం నుంచి ఎలా కనిపిస్తాడో నాకు తట్టలేదు. మా అటెండరుకి తట్టింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఉన్న ఆయన్ని చుట్టుపక్కల ఊళ్ళన్నీ ‘రేడియో బాబాయి’ అనేవి. నా వెంట ఇంటింటికీ తిరిగి, ఇంటింటా ఇదే చూసి, జాలిపడి, తనే రోగనిర్ణయం చేసి ప్రసారం చేసేశారు. ఒకసారి నేను చెట్టు చాటు నుంచి వస్తూ, ఆయన ఇంటాయనతో అంటుంటే చెవులారా విన్నాను.

“షుగరండి పాపం. పట్టుమని పాతికేళ్ళు లేవు.”

“ఆయ్, మా బావగారికీ ఇంతేనండి. గంటకోసారి వెళ్ళాల్సిందే.”

ఇక చూడండి నా యోగం. గడప తొక్కినవాడికి నోరు తీపి చేయకుండా పంపని సీమలో, బాబాయి ముందు కాజాల పళ్ళెం, నా ముందు కాకరకాయ వేపుడు. ఆయనకి పంచదార కాఫీ, నాకు కషాయం లాంటిది. నిజం చెప్పేద్దామంటే చెట్టు చాటున చేసేదేమిటో చెప్పాలి. డాక్టరు కాదనిపించుకోవడం కంటే రోగి అనిపించుకోవడమే నయమని ఏడు నెలలు ఆ చేదంతా మింగాను.

ఎనిమిదో నెలలో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, గోదావరి మధ్య లంకలో ఉండే ఒక మామ్మగారి నుంచి కబురొచ్చింది. ఆవిడకున్నది ఒకే గేదె. ఆవిడ దాని పాలు అమ్ముకునే బతుకుతున్నారు. అది పొద్దుట నుంచీ ఈనలేక అవస్థ పడుతోంది. బాబాయీ నేనూ పడవ దాటి వెళ్ళేసరికి దూడ ముందు కాళ్ళు రెండూ బయటికి వచ్చి ఉన్నాయి గానీ తల రాలేదు. నేను యథాప్రకారం “ఒక్క నిమిషం అండీ” అని తోటలోకి వెళ్ళాను. ఫోనులో సిగ్నలు లేదు. ఇంకో చెట్టు కిందికి వెళ్ళాను. అక్కడా లేదు. తిరిగొచ్చి, గేదెని చూసి, మళ్ళీ వెళ్ళాను.

మూడోసారి బయల్దేరుతుంటే మామ్మగారు అడ్డం వచ్చారు. “వానలో అంత దూరం ఎందుకు బాబూ. పెరట్లో మరుగుదొడ్డి ఉంది, అక్కడికే వెళ్ళండి. తవరి ఆరోగ్యం కూడా చూసుకోవాలి కదా.”

ఆవిడ కళ్ళు మాత్రం గేదె మీదే ఉన్నాయి. చీర కొంగు చేతిలో నలిగిపోతోంది. నాకు సిగ్గేసింది. ఫోను బాబాయి చేతికిచ్చి, భుజం దాకా సబ్బు రాసుకుని చెయ్యి లోపలికి పెట్టాను. తల వెనక్కి తిరిగి ఉంది. గేదె ముక్కడం ఆపినప్పుడల్లా దూడని కొంచెం లోపలికి నెట్టి, దవడ దొరకబుచ్చుకుని, మెల్లగా ముందుకి తిప్పడం మొదలుపెట్టాను. ఎవరూ ‘అదేరా’ అనలేదు. నా చేతికే తెలిసిపోతోంది. అరగంటకి దూడ గడ్డి మీద పడి, తుమ్మి, తల విదిలించింది. మామ్మగారు అక్కడే మట్టిలో కూలబడిపోయారు. నేనూ ఆవిడ పక్కనే కూలబడ్డాను.

పడవ దిగాక సిగ్నలు వచ్చింది. ప్రొఫెసరుకి ఫోను చేసి గొప్పగా చెప్పాను. వాడు నిట్టూర్చి, “నయం, నీకు సిగ్నలు లేకపోవడమే మంచిదైంది. ఇవాళ పుస్తకం ఇంట్లో మర్చిపోయాను” అన్నాడు. ఏ పుస్తకం అన్నాను. “నువ్వు ఫోను చేసినప్పుడల్లా చూసేది రా” అన్నాడు.

మూడో రోజు గేదెని చూడ్డానికి వెళితే మామ్మగారు రెండు గిన్నెల్లో జున్ను తెచ్చారు. బాబాయిది బెల్లం, యాలకులు వేసి బంగారు రంగులో ఉంది. నాది తెల్లగా, నిస్సారంగా ఉంది.

“తవరికి విడిగా వండేను బాబూ, చిటికెడు కూడా బెల్లం వెయ్యలేదు.”

ఇంక ఆగలేకపోయాను. షుగరు లేదని, చెట్టు చాటుకి వెళ్ళేది భయమేసి స్నేహితుణ్ణి అడగడానికని చెప్పేశాను. ఆవిడ దూడకేసి చూశారు.

“మరి మొన్న దూడ తల తిప్పేప్పుడు ఎవర్ని అడిగేరు?”

“ఎవర్నీ అడగలేదండి.”

“మరింకేంటి బాబూ.”

ఏడు నెలలు నేను వెతుక్కున్న జవాబు అంతే. నేను బాబాయి వైపు తిరిగి, ఆయన చేతిలోని బంగారు రంగు గిన్నె మెల్లగా తీసుకుని, నా తెల్లది ఆ చేతిలో పెట్టాను. “ఈ వయసులో తీపి మీకు మంచిది కాదండీ బాబాయి గారూ. డాక్టరుగా చెబుతున్నాను.”

ఆయన ఆ గిన్నెకేసి, నాకేసి చూసి నీరసంగా అన్నారు. “తవరు పశువుల డాక్టరు కదండీ.”

“ఆయ్, అవునండీ” అన్నాను జున్ను నోట్లో పెట్టుకుంటూ. ఉద్యోగంలో చేరాక నేను డాక్టర్నన్న మాట నా నోటితో ఒప్పుకోవడం అదే మొదటిసారి.