గేదెల పాకలో అంబాసిడర్

నేను రిటైర్ కావడానికి సరిగ్గా పదకొండు నెలల ముందు, ఫిబ్రవరి నెలలో ఒక గురువారం సాయంత్రం, మా డిపో మేనేజరు గారు నన్ను గదిలోకి పిలిచి మర్నాడు గురజాల వెళ్లి రమ్మన్నారు. అప్పటికి నేను మాచర్ల వైపు ఒక బస్సు డిపోలో ఎలక్ట్రికల్ సెక్షన్‌కి లీడింగ్ హ్యాండ్‌ని. అంటే మెకానిక్కుల మీద పెత్తనం, సూపర్‌వైజర్ చేత చీవాట్లు, రెండూ సమానంగా దక్కే హోదా. డిపోలో ఏ పని చేసినా జాబ్ కార్డు రాయాలి: బండి నంబరు, ఫిర్యాదు, చేసిన పని, సంతకం. ఈ పనికి జాబ్ కార్డు లేదు. ఎందుకంటే బండి మేనేజరు గారి మామగారిది. అందుకని నా చేత ఒక రోజు క్యాజువల్ లీవు పెట్టించి మరీ పంపారు.

ఆ మామగారి పేరు వీరాంజనేయులు. మిర్చి వ్యాపారం చేసి మానుకున్న పెద్దమనిషి. పెళ్లయిన ఏడాది కొన్న తెల్ల అంబాసిడర్ కారు ఆయనది. తొమ్మిది నెలలుగా అది స్టార్టు కావడం లేదు. వాన పడుతుందని దాన్ని నెట్టుకెళ్లి గేదెల పాకలో పెట్టారు, గేదెను తెచ్చి బయట గోడవార కట్టేశారు. చిక్కంతా అక్కడ మొదలైంది. గేదె సూడిది. పల్నాడులో ఎండలు శివరాత్రి దాకా ఆగవు. ఆయన భార్య రాజ్యమ్మ గారు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటి వరకు గడువు పెట్టారు. ఆలోపు స్టార్టయితే సరే, లేకపోతే పాత ఇనుము వ్యాపారి మస్తాన్‌కి ఇచ్చేయడమే.

నేను వెళ్లేసరికి మస్తాన్ తన ట్రాలీతో, గొలుసుతో సహా వచ్చి కూర్చుని ఉన్నాడు. తొందరేం లేదన్నాడు. తొందర లేనివాడు పొద్దున ఎనిమిదింటికే ఎందుకొచ్చాడో నాకు అర్థం కాలేదు.

వీరాంజనేయులు గారు నన్ను పాక వెనక్కి తీసుకెళ్లి గొంతు తగ్గించి, "ఫోర్‌మన్ గారూ, ఈ బండి పోతే నేను అన్నం తినలేను" అన్నారు. నేను ఫోర్‌మన్‌ని కాను. అయినా ఆ పిలుపు బాగుండి దిద్దలేదు. నా చేయి పడ్డాక తిరగని స్టార్టర్ ఇంతవరకు లేదని, పదిన్నరకల్లా కారు రోడ్డు మీద ఉంటుందని అందరూ వినేలా చెప్పాను.

పాత స్టార్టర్‌లో చుట్టిన తీగె మాడిపోయింది. దాని బదులు ఆయన గుంటూరు నుంచి వేరే స్టార్టర్ తెప్పించి ఉంచారు. రెండింటికీ ఒక తేడా ఉంది. పాతదానికి కరెంటు అందించే సోలినాయిడ్ స్విచ్చి విడిగా కారు గోడకు బిగించి ఉండేది. కొత్తదానికి అది వీపు మీదే ఉంది. కాబట్టి బ్యాటరీ నుంచి వచ్చే లావు కేబుల్‌ని నేరుగా స్టార్టర్ దాకా తేవాలి. తాళం తిప్పితే కరెంటు వచ్చే సన్న వైరును సోలినాయిడ్ చిన్న టెర్మినల్‌కి కలపాలి. పాత సోలినాయిడ్ తీసేయాలి. ముందుగా ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీసుకున్నాను. తర్వాత బ్యాటరీ నెగటివ్ విప్పాను. మన పనిలో అదే మొదటి సూత్రం.

ఇక ఎర్త్. స్టార్టర్‌కి వెళ్లిన కరెంటు ఇంజను లోహం గుండా, అక్కడి నుంచి ఒక అల్లిక పట్టీ ద్వారా కారు బాడీకి, బాడీ నుంచి బ్యాటరీకి తిరిగి చేరాలి. ఆ పట్టీ తుప్పు పట్టి ఉంది. విప్పి తోమాను. బాడీకి అది ఆనే చోట రూపాయి బిళ్లంత మేర ఎమ్రీ కాగితంతో రంగు గీకి, లోహం తళతళలాడేలా చేశాను. పట్టీనీ, దాని బోల్టులనీ, వాషర్లనీ రాజ్యమ్మ గారు ఇచ్చిన స్టీలు పళ్లెంలో వరసగా పేర్చి బానెట్ పక్కన పెట్టాను. డిపోలో కుర్రాళ్లకి ఇరవై ఏళ్లుగా ఒకటే చెబుతూ వచ్చాను: ఎర్త్ బాగుంటే సగం రోగాలు రావు.

అంతలో టిఫిన్‌కి పిలిచారు. పెసరట్టు, లోపల ఉప్మా, పక్కన అల్లం పచ్చడి. రెండో పెసరట్టు వద్దన్నాను కానీ వాళ్లు నమ్మలేదు.

తిరిగొచ్చి మిగిలిన పని చకచకా ముగించాను. పాకలో వెలుతురు తక్కువ. ఎర్త్ పట్టీ బిగిస్తుంటే వేళ్లకి కాస్త జిడ్డు తగిలింది. గ్రీజు అనుకున్నాను. పెసరట్టు తిన్న చెయ్యి మరి, కడుక్కోలేదేమో అని కూడా అనుకున్నాను. చూడటం మాత్రం చూడలేదు.

వీరాంజనేయులు గారిని లోపల కూర్చోబెట్టి, చల్లటి ఇంజనుకి పెట్రోలు ఎక్కువ అందించే చోక్ పిడి లాగి పట్టుకుని తాళం తిప్పమన్నాను. స్టార్టర్ 'టక్' అంది. మళ్లీ తిప్పమన్నాను. మళ్లీ 'టక్'. మీటరు తీసి బ్యాటరీ చూశాను, పన్నెండున్నర వోల్టులు. మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీదే ఉంచి రెండో కొన స్టార్టర్ టెర్మినల్ మీద పెట్టాను, అక్కడా లోటు లేదు. లోపం స్టార్టర్‌దేనని గుంటూరు వాళ్లని నాలుగు మాటలన్నాను. ఆ కొనని ఒక్కసారి ఇంజను మీద పెట్టి ఉంటే అసలు లోపం ఎక్కడో తెలిసి నా పరువు దక్కేది.

మూడోసారి తిప్పేసరికి చోక్ పిడి దగ్గర పొగ వచ్చింది. పెద్దాయన చెయ్యి కాలి, బూతుకీ దైవనామానికీ మధ్యలో ఏదో అని బయటికి దూకారు. మస్తాన్ లేచి గొలుసు భుజాన వేసుకున్నాడు. అప్పటికి పదకొండూ ఇరవై.

సరిగ్గా అప్పుడు రాజ్యమ్మ గారు వంటింట్లోంచి గరిటెతో వచ్చారు.

"ఏందబ్బాయ్, ఎవరింట్లో తాలింపు మాడతంది? మధ్యాన్నం వంటకి నేనింకా పొయ్యే ఎలిగించలా."

"బండిలోంచే వస్తంది పెద్దమ్మా," అన్నాడు మస్తాన్.

నిజమే. కాలిన వైరు వాసన నాకు ముప్ఫై నాలుగేళ్ల పరిచయం. ఇది అది కాదు. నూనెలో పసుపు మాడుతున్న వాసన. ఫోన్ లైటు వేసి వంగి చూశాను. ఎర్త్ పట్టీ ఆనిన చోట పచ్చగా బుడగలు వస్తున్నాయి. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. కుడితి తొట్టి కూడా నా కాళ్ల దగ్గరే ఉంది.

ఆమె ఏమీ దాచలేదు. "నువ్వు అట్టు తింటన్నప్పుడు నేనే పెట్టా. అంత నున్నగా, గుండ్రంగా తోమి పెడితే బొట్టుకే అనుకున్నా. పళ్లెంలో సర్ది కూడా పెట్టితివి. రాలిపోకుండా పసుపు నూనెలో కలిపి పూశా. బోల్టులకీ బిళ్లలకీ కూడా పెట్టా, వాటికి మాత్రం చిన్నచూపెందుకని."

లావు పూత వల్ల కరెంటుకి దారి మూసుకుపోయింది. కరెంటు ఎలాగో బ్యాటరీకి తిరిగి పోవాలి కాబట్టి ఇంజనుకీ బాడీకీ మధ్య లోహపు దారిగా మిగిలిన చోక్ తీగె పట్టుకుని పోయింది. స్టార్టర్ మోయాల్సిన బరువు చోక్ తీగె మీద పడితే పొగ రాక ఏం వస్తుంది?

కారు పోవాలనే కదమ్మా మీరన్నది, మరి పూజ ఎందుకు చేశారని అడిగాను. ఆమె నన్ను కాస్త జాలిగా చూశారు.

"నేను కాపరానికొచ్చింది దీంట్లోనేగా. కదిల్తే బాగుండని నాకు మాత్రం ఉండదా? గేదె బాధ గేదెది, నా బాధ నాది."

వీరాంజనేయులు గారు కాలిన వేళ్లు ఊదుకోవడం ఆపి ఆమెను చూశారు. ఆ మాట ఆయన అంతకుముందు విన్నట్టు లేదు. నాకైతే సిగ్గేసింది. తోమింది నేను, చూడకుండా బిగించింది నేను, తిట్లు తిన్నది గుంటూరు.

కిరసనాయిలుతో పట్టీ, బోల్టులు కడిగి, చోటు మళ్లీ గీకి, ఈసారి కళ్లతో చూసి బిగించాను. మాడిన చోక్ తీగె తీసేసి, చోక్‌ని కార్బురేటర్ దగ్గర నేనే చేత్తో పట్టుకున్నాను. పన్నెండుకి పది నిమిషాలుండగా తాళం తిరిగింది. కారు రెండు దగ్గులు దగ్గి గర్జించింది. సైలెన్సర్‌లోంచి ఎలుక గూడు, దాంతో పాటు గుప్పెడు మిరప తొడిమలు ఎగిరొచ్చి మస్తాన్ ఒళ్లో పడ్డాయి. అతను వాటిని దులుపుకుని, గొలుసు ట్రాలీలో పడేసి, అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. పొద్దుటి నుంచి కూర్చున్నందుకు పాత స్టార్టర్, సోలినాయిడ్ అతనికే ఇచ్చేశారు.

పెద్దాయన, రాజ్యమ్మ గారిని పక్కన కూర్చోబెట్టుకుని ఊళ్లో ఒక చుట్టు తిరిగొచ్చారు. ఆమె ఎక్కేముందు చేసిన పని ఒక్కటే, గేదె పలుపు విప్పడం. వాళ్లు తిరిగొచ్చేసరికి అది పాకలో సరిగ్గా కారు ఉన్న చోటే పడుకుని నెమరు వేస్తోంది. ఆయన హారను కొట్టారు. గేదె చెవి కూడా కదపలేదు. అప్పటి నుంచి కారుకే గోడవార పట్టా కప్పుతున్నారని విన్నాను.

శనివారం మేనేజరు గారు ఏమైందని అడిగితే ఎర్త్ లోపమని చెప్పాను. అబద్ధం కాదు. లీవు మాత్రం తిరిగి రాలేదు.

ఆ ఏడు దసరాకి డిపోలో ఆయుధ పూజ ముందు రోజు, ప్రతి బస్సు ముందు అద్దం కింద సుద్దముక్కతో గుండ్రం గీసి 'బొట్టు ఇక్కడ' అని రాయించాను. సూపర్‌వైజర్ నవ్వాడు. అయినా రాయించాను. మనిషి బొట్టు పెట్టక మానడు, మానమనడం మన పనీ కాదు. మనం చోటు చూపించకపోతే వాళ్లే వెతుక్కుంటారు. అప్పుడు వాళ్ల కంటికి అన్నిటికంటే శుభ్రంగా కనిపించేది మనం ఎర్త్ కోసం తోమి పెట్టిన చోటే.